కల్వం కింది కార్డులు

కంటి ఆపరేషన్ తరువాత అత్తగారు మళ్ళీ క్లినిక్ మెట్లెక్కిన ఆ మధ్యాహ్నం, కోడలు పరీక్ష రాసి ఫలితానికి ఎదురుచూసే పిల్లలా బల్ల పక్కన ఒదిగి నిలబడింది.

ఇద్దరూ డాక్టర్లే. వీధికి అత్తగారు పెద్దడాక్టరమ్మ, కోడలు చిన్నడాక్టరమ్మ. రెండు గదులు, ఒక వరండా, ఒక మందుల అలమర, ఎక్కితే కిర్రుమనే బరువుయంత్రం: అంతే ఆ క్లినిక్. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, ఏ జబ్బూ లేకుండా ఊరికే దిగులొచ్చినా చుట్టుపక్కల వీధులన్నీ అక్కడికే నడిచి వస్తాయి. మొన్నమొన్నటిదాకా ఆ గదుల్లో గోడలు కనిపించేవి కావు. నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు, అరల నిండా అట్టకార్డులు, కార్డుల నిండా అత్తగారి చీమలబారు రాత. ఇప్పుడు అరలు లేవు. రంగు వాసన ఇంకా వదలని తెల్లగోడ, గోడ ముందు సన్నటి కంప్యూటరు, దాని పక్కన కార్డులను ఒక్కొక్కటే మింగి బొమ్మలుగా మార్చి దాచుకున్న స్కానరు. మింగగా మిగిలిన అట్టలు మూటలుగా మారి వరండాలో కూర్చున్నాయి, పాత కాగితాలవాడి కోసం.

అత్తగారు నల్ల కళ్ళద్దాలు కాస్త పైకెత్తి గోడను చూసింది, తెరను చూసింది, కోడలిని చూసింది.

"బాగుందే. ఎవరి క్లినిక్కో అన్నట్టుంది."

అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో కోడలికి అంతుపట్టలేదు. అత్తగారి గొంతులో ఆ రెండూ కలిసే కాపురం చేస్తాయి.

కౌంటరు దగ్గర కూర్చునే పిన్ని అందుకుంది. ఆమె ఎవరికి పిన్నో ఎవరికీ గుర్తులేదు. అందరూ అలాగే పిలుస్తారు. "మీకంటే దీనికే ఓపికెక్కువ పెద్దమ్మా. పేరు కొడితే చాలు, తిట్టకుండా చూపిస్తుంది."

"నేను తిడతానా?"

"అబ్బే, మీరెందుకు తిడతారు? దీవిస్తారు. కాస్త గట్టిగా."

అత్తగారు నవ్వింది. ఆ నవ్వుతో కోడలి భుజాల మీది బరువు సగం దిగింది. ఆవిడ ఇంట్లో కంటికి గంత కట్టుకుని పడుకున్న రోజుల్లోనే, చెబితే వద్దంటుందన్న భయంతో, చెప్పీ చెప్పకుండా చేసిన పని ఇది. చెదిరిన చోట సర్దడం కోడలి స్వభావం. సర్దకపోతే ఆమెకు నిద్రపట్టదు. సర్దాక, ఎవరైనా బాగుందనేదాకా నిద్రపట్టదు.

అత్తగారు తన కుర్చీ వైపు నడిచి, అలవాటుగా కిటికీ దగ్గర ఆగింది. కిటికీ అరుగు మీద నల్లరాతి కల్వం ఉంది. ఆవిడ తండ్రి మందులు నూరిన కల్వం. ఇప్పుడందులో ఎవరూ ఏమీ నూరరు. అయినా అది లేకుండా ఆ కిటికీ లేదు. కోడలు దానికి నూనె రాసి, తుడిచి, అద్దంలా మెరిపించి పెట్టింది.

అత్తగారు రెండు చేతులతో కల్వాన్ని ఎత్తింది. కింద శుభ్రంగా, ఖాళీగా, తెల్లగా అరుగు.

"దీని కింద ఉన్నవేవీ?"

"అవి కూడా ఎక్కించేశాను అత్తయ్యా," అంది కోడలు, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ఒక్క కార్డు కూడా వదల్లేదు. అన్నీ అక్షరాల వరసలో కలిపేశాను."

కల్వం అత్తగారి చేతుల్లోనే ఉండిపోయింది. దాన్ని దించాలన్న సంగతి ఆవిడ మరిచిపోయినట్టుంది.

"కలిపేశావా?"

"ఊఁ. సర్దకుండా మిగిలిపోయిన కార్డులేగా?"

"సర్దకుండా మిగిలినవి కాదే అమ్మాయ్. సర్దకూడనివి."

అత్తగారు కుర్చీలో కూర్చుని, కల్వాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా చెప్పింది. పరీక్షకు పంపిన మనిషి ఆ ఫలితం చేతబట్టుకుని తిరిగొచ్చేదాకా అతని కార్డు అరలోకి వెళ్ళదు. కల్వం కింద ఉంటుంది. రోజూ ఉదయం ఆవిడ చేసే మొదటి పని కల్వం ఎత్తి ఆ కార్డులు తిరగేయడం. రానివాళ్ళకు ఫోను చేయడం, ఫోను ఎత్తనివాళ్ళకు పక్కింటివాళ్ళతో కబురంపడం. ఎవరి గురించి బెంగ ఎక్కువో వాళ్ళ కార్డు పైన. బెంగ తగ్గినకొద్దీ కిందికి.

"మరి కార్డు మీద ఆ మాట రాయలేదా?" అడిగింది కోడలు.

"ఎందుకు రాయాలి? కార్డు కల్వం కింద ఉందిగా."

కోడలు పిన్ని వైపు చూసింది. పిన్ని నేల వైపు చూసింది. "నేను చెప్పాను చిన్నమ్మా, ఆ కల్వం జోలికి పోవద్దు, పెద్దమ్మ ఊరుకోరని."

చెప్పిన మాట నిజమే. కోడలు విన్న మాటా నిజమే. కాకపోతే ఆమె అది తండ్రి గుర్తు మీద కూతురికుండే మమకారమనుకుంది. పిన్ని కూడా ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది. అందుకే కోడలు ఆ సాయంత్రం కల్వాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, కింద ఉన్న అట్టలను లాగి, స్కానరుకు తినిపించి, రాయిని మాత్రం భక్తిగా మెరిపించింది. మెరిపించవలసింది రాయి కాదు. కాపాడవలసింది రాయి కాదు.

"అందరికంటే పైన ఎవరిదుంది అత్తయ్యా?"

"హారన్‌ది."

హారన్ అంటే ఆ వీధుల్లో తెలియని పిల్ల లేదు. బడివ్యాను డ్రైవరు. ఎప్పుడో వ్యానులో హారను చెడిపోతే నోటితోనే "పాం పాం" అంటూ మలుపులు తిప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇక ఆయన దాన్ని బాగుచేయించనేలేదు. పేరు మాత్రం ఆయనకు అతుక్కుపోయింది.

"ఒకరోజు టీకొట్టు దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు," అంది అత్తగారు. "లేచి, కాలు జారిందన్నాడట. ఇంట్లోనూ అలాగే ఒకసారి. పెళ్ళాం లాక్కొచ్చింది. నేను చెయ్యి పట్టుకు చూస్తే నాడి నడుస్తూ నడుస్తూ ఆగింది. ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ నడిచింది. రోజంతా ఒంటికి కట్టుకుని గుండెను చూసే యంత్రం ఉంది కదా, దానికి రాసి పెద్దాసుపత్రికి పంపాను. వాళ్ళు తేదీ ఇస్తామన్నారు. అదయ్యేదాకా స్టీరింగు ముట్టుకోనని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. బావమరిదికి అప్పజెప్పాడు బండి."

కోడలు ఊపిరి వదిలింది. "అయితే ఫర్వాలేదు అత్తయ్యా. ఆయన నడపట్లేదుగా. ఆ తేదీ ఏదో మనమే కనుక్కుని..."

మాట సగంలో ఆగింది.

మెసేజ్.

కార్డులన్నీ ఎక్కించాక సాఫ్ట్‌వేరు కుర్రాడు అడిగాడు: పాత రికార్డుల లెక్క మూసేస్తున్నాం కదా మేడమ్, అందరికీ ఒక మెసేజ్ పంపుదామా? పంపుదామంది. ఫలితం ఇంకా రావాలన్న మాట ఏ కార్డు మీదా లేదు. ఆ వాక్యాలు తనే కూర్చుంది. కూర్చి, గట్టిగా చదువుకుని, లయ కుదరలేదని ఒక మాట మార్చి మరీ పంపింది. "మీ పాత రికార్డును భద్రపరిచాము. మీరు చేయించుకోవలసిన పరీక్షలేవీ ప్రస్తుతం లేవు. మీ ఆరోగ్యమే మా ఆనందం."

ఆమె కంప్యూటరు ముందు కూర్చోలేదు, పడింది. పేరు కొట్టింది. తప్పు పడింది. మళ్ళీ కొట్టింది. హారన్ కార్డు తెర మీద తెల్లగా, చక్కగా, నిటారుగా నిలబడింది. దాని కింద చిన్న అక్షరాలు: మెసేజ్ చేరింది. పక్కన పచ్చటి టిక్కు. ఆ పచ్చదనం ఆమెకు పాము కళ్ళలా కనిపించింది.

"పిన్నీ, ఫోన్. హారన్‌కి ఫోన్ చెయ్యి."

పిన్ని చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. "ఎత్తట్లేదు చిన్నమ్మా."

"ఎందుకెత్తట్లేదు?"

పిన్ని ముఖంలో రంగు మారింది. "ఆయన... బండి నడిపేటప్పుడు ఎత్తడు. పిల్లలున్నప్పుడు ఫోను ముట్టుకోనని అందరికీ గొప్పగా చెప్తాడు."

కోడలు ఫోను లాక్కుని ఇంటి నంబరుకు చేసింది. హారన్ భార్య ఎత్తింది. గొంతు పండగలా ఉంది.

"చిన్నడాక్టరమ్మా! మీకు దండం పెట్టాలి. మీ మెసేజ్ చూశాక గానీ మా ఆయన ముఖంలో కళ రాలేదు. వీధి వీధంతా చూపించాడు. మా తమ్ముడిని ఆ పూటే పంపించేశాడు, వాడు వేరే పనిలో చేరిపోయాడు కూడా."

"బండి ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?"

"ఇంకెవరు, ఆయనే. బడి వదిలే వేళైంది కదా. ఏమ్మా, ఎందుకలా అడుగుతున్నారు? అమ్మా? చిన్నడాక్టరమ్మా?"

ఏం చెప్పిందో, చెప్పకుండానే ఫోను పెట్టేసిందో తరువాత ఆమెకు గుర్తురాలేదు. అత్తగారు లేచి చెప్పుల కోసం వెతుకుతోంది.

"మీరెక్కడికి అత్తయ్యా, కన్ను పచ్చిగా ఉంటే! నేను వెళ్తాను."

"పరిగెత్తు," అంది అత్తగారు. "మాట్లాడకు, పరిగెత్తు."

పరిగెత్తింది. మెడలో స్టెతస్కోపు ఊగుతుంటే, ఒక చెప్పు వదులై టపటపమంటుంటే, పండ్ల బళ్ళ మధ్య నుంచి, సైకిళ్ళ మధ్య నుంచి పరిగెత్తింది. డాక్టరు పరిగెడుతుంటే జనం దారి ఇస్తారు. దారి ఇస్తూ అడుగుతారు. "ఎవరికమ్మా? ఎవరికి?" ఎవరికని చెప్పాలి? ఒకరికా? వ్యాను నిండా ఉన్నవాళ్ళకా?

ఆమె కళ్ళ ముందు వ్యాను నడుస్తోంది. కాలవ గట్టు మీది సన్నటి రోడ్డు, ఒకవైపు గోడ, ఒకవైపు నీళ్ళు. లోపల నీళ్ళ సీసాలు, సంచులు, రెండు జడలు, ఊడిన పళ్ళ నవ్వులు. ముందు సీట్లో ఒక గుండె నడుస్తూ, నడుస్తూ, నడుస్తూ... ఆమె ఆ ఊహను తోసేసింది. అది తిరిగి వచ్చింది. దూరంగా ఏ బండి కీచుమన్నా అటు తల తిప్పింది. ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా మధ్యలోకి తొంగిచూసి మళ్ళీ పరిగెత్తింది. మీ ఆరోగ్యమే మా ఆనందం. ప్రతి అడుగుకూ ఆ వాక్యమే తాళం వేసింది. ఎంత లయగా కుదిరింది! ఎంత దిక్కుమాలిన లయ!

బడి గేటు ముందు పసుపుపచ్చ వ్యాను నిలబడి ఉంది.

నిలబడి ఉంది. పిల్లలు ఎక్కుతున్నారు. హారన్ తలుపు దగ్గర ఒక్కొక్కరి సంచీ అందుకుని, ఒక్కొక్కరి నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసి లోపలికి పంపుతున్నాడు. కోడలికి ఏడుపొచ్చింది, మింగింది.

"చిన్నడాక్టరమ్మా! ఏంటమ్మా ఈ పరుగు? ఎవరికి బాగోలేదు?"

"మీకే."

ఆయన పక్కకు చూశాడు, తననేనా అన్నట్టు. తరువాత పెద్దగా నవ్వాడు. "నాకా? నాకేమీ లేదని మీరేగా పంపారు!" జేబులోంచి ఫోను తీశాడు. కళ్ళకు ఆనాలని అక్షరాలు పెద్దవి చేసి దాచుకున్నాడు. "ఇదిగో. చదవమంటారా? పరీక్షలేవీ ప్రస్తుతం లేవు. మీ ఆరోగ్యమే..."

"చదవకండి. అది తప్పు."

"కంప్యూటర్ తప్పు చేసిందా?"

ఔననడం ఎంత తేలిక! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు. నేను చేశాను. మీ పరీక్ష కాలేదు. అది అయ్యేదాకా మీరు బండి ముట్టుకోకూడదు. అత్తయ్య చెప్పిన మాటే మాట."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. దాని చోట మొండితనం వచ్చి కూర్చుంది. "ఒకరోజు ఆగమంటారు. ఒకరోజు తిరగమంటారు. నేను మనిషినా, మీ క్లినిక్‌లో పంకానా? అయినా నా ఒళ్ళు నాకు తెలీదా? గుండ్రాయిలా ఉన్నాను."

"మామయ్యా, ఆకలేస్తోంది, పోనీ!" అని లోపలి నుంచి ఒక గొంతు.

"వింటున్నారుగా. మా బావమరిది లేడు, ఇంకో బండి లేదు. అక్కడ వాళ్ళ అమ్మలు వాకిళ్ళలో నిలబడి ఉంటారు. మరి వీళ్ళనెవరు దింపుతారు? మీరా?"

పిల్లలు కిలకిలమన్నారు. గేటు దగ్గరి పంతులమ్మ కూడా నవ్వబోయి ఆగింది.

"నేనే," అంది కోడలు.

చదువుకునే రోజుల్లో వైద్యశిబిరాల వ్యాను నడిపేది ఆమె. ఆ తరువాత ఇంత పెద్ద చక్రం చేతబట్టలేదు. అరచేతులు చెమటతో జారుతుంటే బట్టకు తుడుచుకుంది. సీటు ముందుకు లాక్కుంది. హారన్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టింది. దారి ఆయనకే తెలుసు. పైగా ఆ దారి చివర, కాలవ దాటితే, పెద్దాసుపత్రే. పిల్లలు దిగాక ఆయన్ను నేరుగా అక్కడికే తీసుకుపోవాలని ఆమె లెక్క వేసుకుంది.

"కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పట్టుకోండర్రా," అన్నాడు హారన్ వెనక్కి తిరిగి. "ఇవాళ మనకు కొత్త డ్రైవరు. ఇంజెక్షనూ వేయగలదు, జాగ్రత్త."

వ్యాను ఒక్కసారి ఎగిరి, ఒక్కసారి దగ్గి, కదిలింది. వెనక నుంచి ఒకటే అరుపులు. "ఆంటీకి రాదు! ఆంటీకి రాదు!"

"వచ్చు, వచ్చు. రెండో గేరు అమ్మా. అదీ. పాం పాం! ఎడమకి. ఆ నీలం గేటు దగ్గర ఆపండి. కుక్క లేచి నిలబడేదాకా ఆగాలి. అది లేస్తేగాని లోపలున్న అమ్మమ్మకు మనం వచ్చినట్టు తెలీదు."

కుక్క లేచింది. అమ్మమ్మ వచ్చింది. ఒక పిల్ల దిగింది. వ్యాను కదిలింది. "పాం పాం! ఇక్కడ గుంట. ఇంకాస్త కుడికి. పాం పాం! ఇక్కడ కవలలు దిగుతారు. ఒకడిని దింపి ఇంకొకడిని మరిచిపోయేరు, నేనోసారి మరిచిపోయాను." ఆయన కోపం ఏ మలుపులో పోయిందో, దారి చెప్పే ఉత్సాహంలో తనే మరిచాడు. ప్రతి ఇంటికీ ఆయన దగ్గర ఒక గుర్తుంది, ప్రతి మలుపుకూ ఒక "పాం పాం" ఉంది. కోడలు క్రమంగా ఆ శబ్దానికి అలవాటుపడింది. చక్రం తిప్పే ముందు చెవి దానికోసం నిలబడేది; వినగానే చేతులు కదిలేవి. భయం ఇంకా పోలేదు. ఆ భయం మీద ఆ శబ్దం చల్లటి చెయ్యిలా ఉంది. ఈయనకు నిజంగా ఏమీ లేదేమో అనుకుంది. అత్తయ్య పెద్దదైంది, ఆ నాడి ఒక్క క్షణం వేలికి అందక ఆగిందనుకుందేమో. అలా అనుకోవాలని ఎంతగానో అనిపించింది.

కాలవ గట్టుకు తిరిగే మలుపు వచ్చింది.

అటు గోడ, ఇటు నీళ్ళు, ఎదురుగా ఏమి వస్తుందో కనిపించని వంపు. ఆమె వేగం తగ్గించి, చెవి నిలబెట్టి, ఎదురుచూసింది.

శబ్దం రాలేదు.

"ఇక్కడ ఎటు?" అంది, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

జవాబు రాలేదు.

ఆమె బ్రేకు మీద నిలబడినంత పనిచేసింది. వ్యాను కీచుమని ఆగింది. సంచులు జారాయి, సీసాలు దొర్లాయి. హారన్ తల కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆ కళ్ళలో ఆయన లేడు.

"మామయ్య నిద్రపోయాడోచ్!"

ఆమె వేళ్ళు ఆయన మెడ మీద ఉన్నాయి. ఏమీ లేదు. చర్మం కింద ఏమీ కదలలేదు. గట్టిగా నొక్కింది. సీటును వెనక్కి వాల్చింది, రెండో చెయ్యి ఛాతీ మీద సిద్ధమైంది. ఏమీ లేదు, ఇంకా ఏమీ లేదు. ఆ మౌనం ఎంత పొడుగో ఆమెకు తెలియదు. అందులో ఒక ఇల్లు కట్టి కూల్చేయవచ్చనిపించింది. అప్పుడు వేలి కింద ఒకటి తట్టింది. మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఒకటి. తరువాత వరసగా, గాభరాగా, ఆలస్యమైనవాడు మెట్లెక్కుతున్నట్టు తట్టసాగింది. పెదవులకు రంగు వచ్చింది. ఆయన కళ్ళలోకి ఆయన తిరిగి వచ్చాడు.

"ఏంటమ్మా, ఇక్కడ ఆపారు? ఇక్కడ ఆపకూడదు, వెనక బళ్ళొస్తాయి."

"మీరు... హారన్ కొట్టలేదు."

"కొట్టానుగా! మలుపులో కొట్టకుండా ఎలా ఉంటాను?"

"కొట్టలేదు మామయ్యా," అంది వెనక సీట్లోంచి ఒక చిన్న గొంతు. నవ్వకుండా అంది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఆ చిన్నదాన్ని చూశాడు, దాని పక్కవాడిని చూశాడు, ఇంకా దిగని ముఖాలన్నిటినీ ఒక్కొక్కటే చూశాడు. తరువాత ముందున్న వంపును చూశాడు. వంపు పక్కన నీళ్ళను చూశాడు. మోకాళ్ళ మీద ఉన్న ఆయన చేతుల్లో ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుంది.

"నాకు తెలీనేలేదమ్మా," అన్నాడు.

"తెలీదు. అదే దీని లక్షణం." ఆమె అప్పటికే ఫోనులో అత్తగారి నంబరు నొక్కింది.

తరువాతి పనులన్నీ అత్తగారి గొంతు నడిపించింది. పెద్దాసుపత్రికి ఆవిడే ఫోను చేసింది, అంబులెన్సు వచ్చింది, కోడలు హారన్‌తో పాటు అందులో ఎక్కింది. ఈలోగా అత్తగారు పంపితే రొప్పుకుంటూ వచ్చిన పిన్ని, మిగిలిన పిల్లలను ఒకరి చెయ్యి ఒకరికిచ్చి గొలుసుగా కట్టి గట్టు వెంట నడిపించుకుపోయింది. అంబులెన్సు తలుపు మూసుకునే ముందు కోడలికి వినిపించింది: మలుపు దగ్గర పిల్లలంతా ఒక్క గొంతుతో, "పాం పాం!"

స్ట్రెచర్ మీద హారన్ కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళ చివర్లు తడిశాయి.

పొద్దు వాలుతుండగా ఆమె క్లినిక్‌కు తిరిగి వచ్చింది. ఆసుపత్రిలో తీగలు తగిలించగానే ఆ మౌనం మరోసారి వచ్చిందట, ఈసారి అందరూ చూస్తుండగా. గుండెకు తాళం తప్పనివ్వని చిన్న పరికరం రేపే పెడతామన్నారు. భార్య పక్కనే ఉంది. కోడలిని ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

వరండాలో మూటలు విప్పి ఉన్నాయి. అత్తగారు ఒంటికంటితో, పిన్ని రెండు కళ్ళతో, నేల మీద అట్టల మధ్య కూర్చుని ఉన్నారు.

"వాడు?"

"బతికాడు అత్తయ్యా."

అత్తగారు తల ఊపింది. "మిగతావాళ్ళెవరో నాకు గుర్తు రావట్లేదే. పైనున్న ఇద్దరు ముగ్గురు వచ్చారు. కిందివాళ్ళు రావట్లేదు. గుర్తుంచుకోవడానికి రాయి ఉందిగా అని నా బుర్ర నిశ్చింతగా పడుకుంది." చేతిలో కార్డును అటూ ఇటూ తిప్పింది. "కన్ను కాక నేనే పోయుంటే ఏమయ్యేది? నువ్వు సర్దకపోయినా ఎవరికి తెలిసేది? అది నేనాలోచించాల్సింది."

తిడుతుందనుకున్నచోట తిట్టకపోతే ఎక్కడ నిలబడాలో కోడలికి తెలియలేదు. నేరుగా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, ముందుగా మెసేజ్‌లు పోకుండా ఆపింది. తరువాత, ముందరి దానిని సరిదిద్దుతూ అందరికీ ఒకటి రాయబోయింది. "మేము పొరపాటున" అని రాసి, ఆగింది. దాన్ని చదివి ఎవరు భయపడతారో, ఎవరు నవ్వేసి జేబులో పెట్టుకుంటారో తెలియదు. "మీకు పరీక్ష రాసి ఉంటే అది చేయించుకోవలసిందే. వెంటనే క్లినిక్‌కు ఫోను చేయండి," అని మాత్రం రాసి పంపింది. లయ చూసుకోలేదు.

వచ్చి నేల మీద కూర్చుంది. పిన్ని వెతికి పక్కన పెట్టిన హారన్ కార్డు చేతికి తీసుకుంది. తెర మీద ఎంతో తెల్లగా, నిటారుగా కనిపించిన ఆ కార్డు చేతిలో వేరుగా ఉంది. దాని ఒక అంచు పాలిపోయి, రంగు ఎగిరిపోయి ఉంది.

"అత్తయ్యా, ఇది ఇలా ఎందుకుంది?"

"కిటికీ ఎండ. కల్వం కప్పనంత మేరా ఎండ తింటుంది. అరలో ఉన్నవాటికి ఎండెక్కడిది?"

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. స్కానరు కంటికి ఎండ తెలియదు. అది అన్నిటినీ నలుపూ తెలుపుగా మింగింది. అట్టలు మాత్రం మరిచిపోలేదు. మూటలు ఇంకా వరండాలోనే ఉన్నాయి, పాత కాగితాలవాడు ఇంకా రాలేదు.

ఇక చదవడం మానేసి అంచులు చూడసాగారు. గుట్ట తరువాత గుట్ట. పాలిపోయినది ఒకటి దొరికింది. గొంతులో గడ్డకు పరీక్ష రాసిన దర్జీ. ఇంకొకటి. రక్తం తగ్గిన బాలింత. తడి తగిలి పాలిపోయినవి మోసం చేశాయి. ఎండ చూడకముందే అరుగు మీంచి తీసినవి, ఆపరేషనుకు ఒకటి రెండు రోజుల ముందు పెట్టినవి, దొరక్కుండా జారిపోతున్నాయేమోనన్న భయం ప్రతి గుట్ట దగ్గరా లేచి కూర్చుంది.

"నీ పెట్టెలో దీనికి చోటు లేదా?" అంది అత్తగారు తల ఎత్తకుండా. "తిరిగి రానివాళ్ళు ఉండే చోటు. రోజూ పొద్దున్నే, ఎవరూ అడక్కుండా, ముందు కనపడే చోటు."

"చేయించాలి అత్తయ్యా. రేపు పొద్దున్నే ఆ కుర్రాడిని పిలుస్తాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి, ఎవరు పైన, ఎవరు కింద."

"నేను చెప్తే వాడికి అర్థమవుతుందా?"

"గట్టిగా దీవించండి, అవుతుంది," అంది పిన్ని. ఎవరూ నవ్వలేదు గానీ గదిలో గాలి కాస్త కదిలింది.

కోడలు దర్జీ కార్డు మీది నంబరుకు ఫోను చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కల్వాన్ని ఒక చేత్తో పైకెత్తి, కార్డును దాని కింద పెట్టింది. ఇంకో చేత్తో మళ్ళీ కలిపిన ఫోను అవతల మోగుతోంది. చెవి దానికే అంటించి, మలుపు ముందు నిలబడ్డట్టు, నిలబడింది.